హీటర్ పీకేసిన కారు

ఈ సంగతి రాసిపెట్టకపోతే ఊళ్లో చెప్పుకునేదే నిజమైపోతుంది. వానలో కారు తోలడం చేతగాని ఒక ఆడమనిషి రొయ్యల గుంటలోకి పోయింది, పక్కన కూర్చున్న తోడికోడలి చెయ్యి విరగ్గొట్టింది. టీ అంగడి దగ్గర నడిచే కథ ఇదీ. నేను నోటితో ఎన్నిసార్లు సరిచేయబోయినా సగంలో ఎవరో ఒకరు నవ్వేస్తారు. కాగితం మీద రాస్తే సగంలో నవ్వి ఆపడానికి ఎవరికీ వీలుండదు. అందుకే రాస్తున్నాను. పేర్లు మాత్రం ఎవరివీ రాయను. పేరు రాస్తే తగాదా ఆ మనిషితో అనుకుంటారు. నా తగాదా ఆ పనితో.

మాది విడవలూరు దగ్గర పరుపులు, దిండ్లు కుట్టే ముస్లిం కుటుంబం. మా ఆయన, వాళ్లన్న కలిసి దూది ఏకే మిషను నడుపుతారు. కుట్టేది నేనూ, మా తోడికోడలూ. తీసుకుపోయి అమ్మేది నేను. సముద్రం ఒడ్డున పల్లెల్లో పరుపులకు గిరాకీ ఎక్కువ, ఎందుకంటే ఆ గాలికి దూది తొందరగా గడ్డకడుతుంది. కారు రాకముందు ఆటోవాళ్లను బతిమాలేదాన్ని. పరుపు చూడగానే "చోటు చాలదక్కా" అని పోయేవాళ్లు. ఏసీ కూడా లేని ఒక పాత చిన్న కారు మా ఇంటికి వచ్చాక, దాన్ని తోలడం నేర్చుకున్నాక, నేను ఎవరినీ బతిమాలలేదు. ఎక్కడికి పోవాలో, ఎప్పుడు పోవాలో నేనే అనుకునేదాన్ని. ఈ కథలో పోగొట్టుకోబోయింది అదే. కారును కాదు, ఆ అనుకోవడాన్ని.

ఇంకో సంగతి కూడా ముందే చెప్పాలి. నేను ఏడో తరగతితో బడి మానేశాను, చదువు మానలేదు. మా శాఖా గ్రంథాలయంలో పేపర్ల బల్ల దగ్గర మగవాళ్లు కూర్చుంటారు, లోపల బీరువాల దగ్గర నేను కూర్చుంటాను. కథలు చదివాను, చరిత్ర చదివాను, అవి అయిపోయాక పశువైద్యం చదివాను, మా ఇంట్లో పశువు లేకపోయినా. "పరుపులు కుట్టేదానికి ఇన్ని పుస్తకాలు ఎందుకు మే?" అని మా బావగారు, అంటే మా ఆయన అన్న, కనబడినప్పుడల్లా అంటాడు. ఆయన అలా అన్న ప్రతిసారీ ఇంకో పుస్తకం తెచ్చుకున్నాను.

ఆ రోజు ముసురు. నేనూ, మా తోడికోడలూ జువ్వలదిన్నెలో ఒక పెళ్లివారింట్లో కొత్త పరుపులు దించి, వాళ్ల పాత దిండ్లు వేసుకుని తిరిగి వస్తున్నాం. పాత దిండ్లు వెనక్కి తెచ్చి, విప్పి, ఎండబెట్టి, దూది ఏకి మళ్లీ కుట్టివ్వడం మా వృత్తిలో ఎప్పటినుంచో ఉన్న మర్యాద. సముద్రపు చెమ్మ తాగిన దిండ్లవి. వెనక సీటు మడిచి పైకప్పుదాకా పేర్చాం. నా పక్కన మా అక్క, అంటే మా తోడికోడలు. వయసులో పెద్దది కాబట్టి అక్కా అంటాను.

అల్లూరు వైపు తిరిగాక వాన పెద్దదైంది. అద్దాలు ఎత్తాం. ఇక చూడండి, ముందు అద్దం లోపలివైపు పాలు పోసినట్టు తెల్లబడింది. వైపరు బయట తిరుగుతోంది, మసక లోపల ఉంది. అక్క తన పైట కొంగుతో తుడిచింది. తుడిచిన చోట గీతలు పడి, ఊపిరి తీసి వదిలేలోపు మళ్లీ మూసుకుపోయింది. కిటికీ దించితే వాన మొహాన కొట్టింది. కారులో గాలి సంగతి చూసే మీటలు మూడు. ఒకటి ఫ్యాను తిప్పేది. ఇంకొకటి గాలి మొహానికా, కాళ్లకా, అద్దానికా అని చూపేది. మూడోది నీలం గీత నుంచి ఎర్ర గీతకు జరిపేది, అదే హీటర్. అద్దం బొమ్మ వైపు మీట జరిపాను, ఎర్ర గీత చివరిదాకా తోశాను, ఫ్యాను తిప్పాను. గాలి వచ్చింది. కాళ్ల మీదికి. చల్లగా.

"ఆపు మే, ఆపు" అంది అక్క.

ఆపుతూనే ఉన్నాను. ఎక్కడ ఆపాలో కనబడాలి కదా. అది రెండు రొయ్యల గుంటల మధ్య కట్ట మీద వేసిన రోడ్డు. ఎడమ చక్రం అంచు దిగింది, కారు మెల్లగా పక్కకు ఒరిగి, గుంట నీళ్లు పోయే కాలవలో కూర్చుంది. నిజంగా మెల్లగానే. కానీ అక్క చెయ్యి తలుపుకూ డ్యాష్‌బోర్డుకూ మధ్య పడింది. ఆ ఎముక చేసిన చప్పుడు నాకింకా వినబడుతుంది. గుంటల కాపలావాళ్లు వచ్చి మమ్మల్ని పైకి లాగారు.

ఆ సాయంత్రం ఆసుపత్రి వరండాలో మా ఆయనకు అంతా చెప్పాను. అద్దం మసకేసిందనీ, మీటలు జరిపినా వేడి గాలి రాలేదనీ చెప్పాను. ఆయన నా మొహం వంక చూడకుండా తల ఊపాడు. ఈ తల ఊపడం గుర్తుపెట్టుకోండి.

మా బావగారు మాత్రం ఊపలేదు, అరిచాడు. "ఆడదాని చేతికి స్టీరింగు ఇస్తే ఇట్నే ఉంటాది. పుస్తకాలు చదివితే కారు వస్తాదా?" మర్నాటికల్లా టీ అంగడిలో మాట పుట్టింది. "రొయ్యలు పట్టేదానికి వల చాలక కారేసుకొని పొయ్యిందంట." నన్ను చూసి ఒకాయన, "ఎన్ని కేజీలు పడినాయక్కా?" అని అడిగాడు. నేను దూది మూట నెత్తిన పెట్టుకుని ఆటో కోసం నిలబడి ఉన్నాను అప్పుడు.

ట్రాక్టరుతో కారును లాగి మా ఇంటి పక్కన పెట్టారు. తాళంచెవి మా ఆయన తన చొక్కా జేబులో వేసుకున్నాడు. "అన్న అమ్మెయ్యమంటుండాడు. పాత ఇనుముకు పోతాది" అన్నాడు.

"మీరేమంటున్నారు?"

"నేననేదేముంది" అన్నాడు.

కోపం వచ్చినప్పుడు నేను గ్రంథాలయానికి పోతాను. ఆ రోజు నాకు కావలసింది ఒకటే. నేను తప్పు చేశానా, లేదా? చేసి ఉంటే ఒప్పుకుంటాను, ఎవరి ముందైనా. అద్దం మీద ఏర్పడింది ఏమిటో నాకు ముందే తెలుసు. సాంద్రీకరణం అనే మాట పిల్లల సామాన్యశాస్త్రం పుస్తకంలోదే. మా ఇద్దరి ఊపిరి, తడిసిన బట్టలు, ఆ దిండ్లన్నిటిలోని చెమ్మ గాలిలో కలిసి, వానకు చల్లబడ్డ అద్దాన్ని తాకి నీటి బొట్లయింది. తెలియనిది, కారు దాన్ని ఎలా పోగొట్టాలి అన్నది. గ్రంథపాలకురాలు బీరువా అడుగునుంచి మోటారు మెకానిక్కు చదువుకునే పిల్లల పుస్తకం ఒకటి తీసి దుమ్ము దులిపి ఇచ్చింది. "దీన్ని ఎవరూ అడగలేదమ్మా ఇప్పటిదాకా" అంది.

అందులో బొమ్మ ఉంది. ఇంజను వేడికి కాగిన నీళ్లు రెండు రబ్బరు పైపుల గుండా డ్యాష్‌బోర్డు వెనక ఉన్న చిన్న రేడియేటరులోకి పోయి తిరిగి వస్తాయి. ఫ్యాను గాలి దాని మీదుగా వీచి వేడెక్కి అద్దం అడుగున ఉన్న సందులోంచి పైకి వస్తుంది. ఎర్ర గీతకు మీట జరిపితే ఒక కేబుల్ లాగబడి నీళ్ల వాల్వు తెరుచుకుంటుంది. ఏసీ లేని కారుకు వానలో అద్దం మసక పోగొట్టే దారి ఇదే. చలికి కాళ్లు కాచుకునేందుకు మాత్రమే కాదు, చూపు కోసం. ఆ వాక్యం దగ్గర వేలు పెట్టి చాలాసేపు కూర్చున్నాను.

ప్రమాదంలో కారు ఎడమ తలుపు వంగి తాళం పడకుండా అయింది. నాకు తాళంచెవి అక్కర్లేదు. పుస్తకం సీటు మీద తెరిచి పెట్టి, మీటల బుడిపెలు లాగి, మరలు విప్పి, పలక బయటికి తీశాను. టార్చి వేసి చూస్తే గాలి దారి మార్చే కేబుల్ చివర ఉప్పు గాలికి తుప్పు పట్టి, పట్టుకునే క్లిప్పు విరిగి, ఊరికే వేలాడుతోంది. నేను మీట ఎటు జరిపినా గాలి కాళ్లకే పోయేది అందుకు. చెయ్యి దూరని చోట అది. పరుపులో దూది జరగకుండా కుప్పెలు కుట్టే పొడుగు దబ్బనం నాకుంది కదా, దానితో కేబుల్ కొస దొరకబుచ్చుకుని, మైనం పట్టించిన దారంతో బిగించి ముడేశాను. మా పరుపుల మీద పిల్లలు ఎంత గెంతినా ఊడని ముడి అది. మీట జరిపితే లోపల గాలి దారి మార్చే రేకు కదిలిన చప్పుడైంది.

రెండోది హీటర్ మీట. అది అటూ ఇటూ వెన్నలా కదులుతోంది. కేబుల్ ఉంటే కొంచెం బిగువు ఉండాలి. కేబుల్ పట్టుకుని వెతుక్కుంటూ బానెట్ కిందికి వచ్చాను. అక్కడ అది కటింగ్ ప్లేయరుతో కత్తిరించి ఉంది. తుప్పు పట్టి తెగింది కాదు, మనిషి కత్తిరించింది. వాల్వు లేదు. లోపలికి పోవాల్సిన రెండు పైపుల్నీ లోపలికి పోనివ్వకుండా ఒకదానికొకటి కలిపేసి క్లిప్పులు బిగించి ఉన్నాయి. నీళ్లు ఇంజనులోంచి వచ్చి మళ్లీ ఇంజనులోకే పోతున్నాయి. నేను ఆ వానలో ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని తోసిన మీట దేనికీ తగిలించి లేదు.

చేతుల గ్రీజు కూడా కడుక్కోకుండా మెకానిక్కు దగ్గరికి పోయాను. మా కారు ఎప్పుడూ చూసేది అతనే. పుస్తకంలో బొమ్మ అతని ముందు పెట్టి, పైపులు ఎవరు కలిపారని అడిగాను.

"నేనే అక్కా. అందరికీ ఇట్నే చేస్తాం. నెల్లూరోళ్లకు హీటరెందుకు? ఇదేమన్నా సిమ్లానా?" అని నవ్వాడు. "వచ్చిన ప్రతి పాత బండికీ తీసేస్తాం. లీకు బాధ ఉండదు."

"వానలో అద్దం మసకేస్తే?"

"గుడ్డ పెట్టి తుడుచుకుంటారు."

"మా అక్క తుడిచింది. ఇప్పుడు ఆ చేతికే కట్టు వేసినారు."

నవ్వు ఆగింది. చేతిలోని స్పానరు బల్ల మీద పెట్టాడు. "నా మీద కోపం చేసుకోబాక అక్కా. నా అంతట నేను తియ్యలేదు. ఎండాకాలంలో వాల్వు ఎర్ర దగ్గర పట్టేసి వేడి గాలి కొడతా ఉంటే, మీ ఆయనే బండి తెచ్చినాడు. కొత్త వాల్వు తెప్పిస్తానన్నా. అంతసేపు ఎవురు కాసుకోని ఉంటారు, పీకెయ్ పో అన్నాడు. నీకు చెప్పినాడేమో అనుకున్నా."

మా ఆయన నాకు చెప్పలేదు. ఆ మీటలు పెట్టిన చోటనే పెట్టి ఉంచి, బండి ఇంటికి తెచ్చి నా చేతికి ఇచ్చాడు.

ఇంటికి పోయేసరికి ఆయన మిషను దగ్గర ఉన్నాడు. దూది పొగలా లేస్తోంది. మిషను ఆపమన్నాను.

"హీటర్ తీసేయించింది మీరేనంట కదా."

"ఎప్పుడో. గుర్తులేదు."

"ఆసుపత్రిలో నేను వేడి గాలి రాలేదని చెప్పినప్పుడు గుర్తొచ్చిందా?"

ఆయన మీసాల మీది దూది తుడుచుకున్నాడు.

"గుర్తొచ్చిందా లేదా?"

"వచ్చింది. అప్పుడు చెప్తే ఏమొస్తాది? చెయ్యి ఇరగనే ఇరిగింది. అన్న అరుస్తా ఉండాడు."

నేను ఆయన్ని ఎప్పుడూ మీరనే అంటాను. ఆ రోజు అనలేదు. "నీ అన్న నన్ను అరిచినాడు. ఊరు నన్ను చూసి నవ్వింది. నువ్వు జేబులో తాళంచెవి పెట్టుకోని ఊరికే ఉండావు. కారు పోతే పోతాది, నాకు కారు తోలను రాదని నా అంతట నేనే నమ్మబోతిని. అది తెలుసా నీకు?"

ఆయన తల వంచుకున్నాడు. కారు అమ్మేది లేదన్నాను. హీటర్ మళ్లీ పెట్టిస్తాననీ, వాళ్లన్న ముందు నిజం చెప్పాల్సింది ఆయనేననీ చెప్పాను. "అన్న ముందర నేనెట్టా చెప్పేది మే" అన్నాడు. "ఇప్పుడు నాకు చెప్పినట్టే" అన్నాను.

వాల్వు కోసం నేనే బస్సెక్కి నెల్లూరు పోయి, పాత బండ్లు విప్పి అమ్మేచోట వెతికాను. అక్కడా అదే మాట. హీటరా? ఎందుకమ్మా? నేను బొమ్మ చూపించాను. మూడు అంగళ్లు తిప్పి పంపాక నాలుగో ఆయన ఇనుప గుట్టలోకి చెయ్యి పెట్టి అచ్చం అలాంటిదే ఒకటి తీశాడు. మెకానిక్కు పైపులు విడదీస్తుంటే నేను పక్కనే నిలబడ్డాను. బిగించే ముందు డ్యాష్‌బోర్డు వెనక రేడియేటరులోకి కొళాయి పైపు పెట్టి నీళ్లు వదలమన్నాను, పుస్తకంలో అలానే ఉంది. అతను కుదరదన్నాడు, తర్వాత వదిలాడు. ఇటుకరంగు నీళ్లు వచ్చాయి, చాలాసేపటికి తేటబడ్డాయి. లీకు లేదు. "అదృష్టం అక్కా" అన్నాడు. "చూసినాం కాబట్టి తెలిసింది" అన్నాను. అదృష్టం అని నాతో అనవద్దని కూడా అన్నాను, అంత కోపంగా ఉన్నాను ఆ రోజుల్లో.

అక్క చేతి కట్టు విప్పిన తర్వాత మళ్లీ ముసురు పట్టింది. నేను వాళ్లింటికి పోయి, "అక్కా, ఒక్కసారి కారెక్కుతావా?" అని అడిగాను. మా బావగారు లోపలినుంచి, "రెండో చెయ్యి కూడా ఇరగ్గొట్టుకుందువు, పో" అన్నాడు. అక్క ఆ మాట వినిపించుకోకుండా చెప్పులేసుకుంది. మా ఆయన్ని కూడా ఎక్కమన్నాను. తాళంచెవి ఆయన జేబులోంచి నేనే తీసుకున్నాను.

ఆయన ముందు, అక్క వెనక. అదే రోడ్డు, అవే గుంటలు. కట్ట ఎక్కకముందే రోడ్డు పక్క మట్టి తావు చూసి కారు నెమ్మది చేశాను. వాన కొడుతోంది, అద్దాలు ఎత్తి ఉన్నాయి. మీటలు ముట్టుకోలేదు. అద్దం అంచుల నుంచి తెల్లబడుతూ వచ్చింది. మా ఆయన భుజం మీది తువ్వాలుతో తుడిచాడు. మళ్లీ తుడిచాడు. "ఆపు మే, కనపడటంలా" అన్నాడు. ఆపాను. రోడ్డు పక్కన ఎక్కడ ఉన్నామో ముగ్గురికీ తెలియదు.

అప్పుడు మీట అద్దం బొమ్మకు జరిపి, ఇంకోటి ఎర్రకు తోసి, ఫ్యాను తిప్పాను. కొంచెంసేపు ఏమీ లేదు. మా ఆయన నా వైపు చూశాడు. నేను అద్దం వైపే చూశాను. అద్దం అడుగున అరచేయంత తేట తావు పడింది. అది పైకి పాకింది. మొదట బానెట్ కనబడింది, తర్వాత రోడ్డు, తర్వాత కట్ట అంచున తడిసి నిలబడ్డ కొంగ. ఎవరూ తుడవలేదు.

వెనకనుంచి అక్క ముందుకు వంగింది. నయమైన చేతిని అద్దం దగ్గర ఆ గాలికి పెట్టి చూసుకుంది. "ఇది ఆ పొద్దు ఉంటే నా చెయ్యి ఇరిగేదే కాదు గదా. ఎవురు పీకినారు దీన్ని?"

ఫ్యాను కొంచెం తగ్గించాను. ఆ మాట చెప్పాల్సింది నేను కాదు.

మా ఆయన తువ్వాలు మడిచి ఒళ్లో పెట్టుకుని, "నేనే వదినా" అన్నాడు.

అక్క వెనక్కి వాలి కూర్చుంది. "ఎంత మంచోడివి అబ్బయా. ఇన్నాళ్లూ దీన్ని ఊరంతా ఆడిపోసుకుంటా ఉంటే నీ నోట్లో దూది పెట్టుకున్నావా?" అంది. "నడు, మీ అన్నకు చెప్దువుగాని. నేను పక్కనే నిలబడతా."

చెప్పాడు. వాకిట్లో నిలబడి, వానలో తడుస్తూ, చెప్పులు చూసుకుంటూ చెప్పాడు. మా బావగారు విని, "సరే, అయిపొయిందేదో అయిపొయింది. ఇప్పుడెందుకు అవన్నీ" అన్నాడు. నన్ను అరిచేటప్పుడు అయిపోయిన సంగతి కాదది. ఇప్పుడు తప్పు ఆయన తమ్ముడిది అనగానే అయిపోయింది. టీ అంగడిలో ఇప్పటికీ రొయ్యల మాటే నడుస్తోంది, ఎందుకంటే హీటర్ కథలో నవ్వొచ్చేది ఏమీ లేదు. నా కోపం కూడా తగ్గలేదు. కాకపోతే ఇప్పుడు దాన్ని కారులో వేసుకుని తిరుగుతున్నాను, ఆటో కోసం రోడ్డు మీద నిలబడి కాదు.

ఇక మేలు చేసినవాళ్ల సంగతి. ఎవరూ అడగని పుస్తకాన్ని పారెయ్యకుండా దాచి ఉంచిన గ్రంథపాలకురాలికి రుణపడి ఉన్నాను. పీకింది తనే అయినా, ఎవరు పీకమన్నారో దాచకుండా చెప్పిన మెకానిక్కుకు కూడా. అతను ఇప్పుడు హీటర్ తీసెయ్యమని వచ్చినవాళ్లకు "వానకు పనికొస్తాది, ఉండనీ" అని చెబుతున్నాడని విన్నాను. ఇనుప గుట్టలో చెయ్యి పెట్టిన నాలుగో అంగడాయనకు, ఆ రోజు మమ్మల్ని కాలవలోంచి లాగి, ఒక్క ఎకసెక్కపు మాట కూడా అనని గుంటల కాపలావాళ్లకు సలాములు. విరిగిన చేత్తో నన్ను ఒక్క మాట అనకుండా, నయమైన చేత్తో అడగాల్సిన మాట అడిగిన మా అక్కకు ఏమని చెప్పను, ఈద్‌కు కొత్త దిండు కుట్టిచ్చాను, కొత్త దూదితో.

మా ఆయనకు కూడా. "నేనే వదినా" అన్న రెండు మాటలకు. అవి ఆసుపత్రి వరండాలోనే అని ఉంటే ఈ కాగితాల పని ఉండేది కాదు. తాళంచెవి ఇప్పుడు నా కుట్టుమిషను పక్క మేకుకు ఉంటుంది. కావాలంటే ఆయన నన్ను అడిగి తీసుకుంటాడు.